"వలిసెలు పూశాయా వదినా?" అని అడిగే వాళ్ళందరికీ: కొరాపుట్ కొండల్లో శరత్తు చూసి రావడం ఎలా

దసరా పందిళ్ళు లేచాయంటే చాలు, మా ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. విజయనగరం, పార్వతీపురం, సాలూరు, ఏడాదంతా పలకరించని వైజాగ్ చుట్టాలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "వదినా, వలిసెలు పూశాయా? ఎప్పుడు రమ్మంటావు?" (వలిసె అంటే పసుపు పూలు పూసే నూనెగింజల పంట.) ఒడిశాలో, కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో కాపురం ఉన్నందుకు వీళ్ళకి జవాబు చెప్పడం నా ఉద్యోగం అయిపోయింది. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. వచ్చే ఏడాది ఫోన్ చేసిన వాళ్ళకి ఇదే పంపిస్తాను, ఏమీ అనుకోకండి.

ముందు ఆకుల సంగతి తేల్చేద్దాం. రీల్స్‌లో కాశ్మీరు చినార్లు చూసి, అక్టోబరులో ఇక్కడ కూడా అడవంతా ఎర్రబడుతుందనుకుని వస్తున్నారు. ఎర్రబడదు. మన అడవి ఆకు రాల్చేది శిశిరంలో, జనవరి నుంచి మార్చి మధ్య. ఎర్ర ఆకులే చూడాలంటే మార్చిలో రండి, కుసుమ చెట్లు చిగురేస్తాయి, దూరం నుంచి పువ్వులే అనుకుంటారు కానీ అవి లేత ఆకులు. (కుసుమ నూనె తీసే మొక్క వేరు, ఈ చెట్టు వేరు.) శరత్తులో మా దగ్గర రంగు చెట్ల మీద ఉండదు, చేలల్లో ఉంటుంది. వలిసె పసుపు, వరి బంగారం, చోడి (రాగి) కంకుల గోధుమ రంగు. అందుకే క్యాలెండర్ చూసి కాదు, పంట చూసి బయల్దేరాలి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

కావలసినవి

రెండు రాత్రులు, మూడు పగళ్ళు. పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే ట్రిప్పు అయితే అరకు దగ్గరే ఆగిపోండి, ఇంతదూరం అనవసరం.

స్వెటర్, చెవులు మూసే టోపీ. కొరాపుట్ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. నవంబరు తెల్లవారుజామున కింద విజయనగరంలో ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఇక్కడ పళ్ళు టకటకలాడతాయి, డిసెంబరులో అయితే సెమిలిగుడ, పొట్టంగి వైపు పది డిగ్రీల లోపుకి దిగడం మామూలే.

చిల్లర నోట్లు. పది, ఇరవై, యాభై. సంతలో ఆకుకూర అమ్మే ముసలమ్మ దగ్గర స్కానర్ వెతక్కండి. ఉన్నచోట కూడా సిగ్నల్ ఉండదు.

పొడుగు చేతుల చొక్కా, బూట్లు. చేలల్లో మోకాలి దాకా మంచు ఉంటుంది, తేనెటీగలూ ఉంటాయి. ఒక గుడ్డ సంచి, నీళ్ళ సీసా, ఘాట్‌లో వాంతులయ్యే పిల్లలుంటే నిమ్మకాయ.

భాష గురించి టెన్షన్ వద్దు. సెమిలిగుడ, సునాబెడ, జైపూరు (రాజస్థాన్‌ది కాదు, ఇక్కడిదే) అంగళ్ళలో తెలుగు నడుస్తుంది. పల్లెల్లోకి వెళ్తే రెండు ముక్కలు చాలు: "కేతే?" అంటే ఎంత, "ఫొటో నేబి కి?" అంటే ఫొటో తీసుకోనా అని. రెండోది మర్చిపోకండి, ఎందుకో కింద సంత దగ్గర చెప్తాను.

1. ఏం చూడాలో ముందు తేల్చుకోండి, వారం దాన్నిబట్టి

అన్నీ ఒకే ట్రిప్పులో దొరకవు. దొరుకుతాయని చెప్పేవాళ్ళు బండి అద్దెకి ఇచ్చేవాళ్ళు.

దసరా రోజుల్లో: కొండలు పచ్చగా ఉంటాయి, డుడుమ జలపాతంలో నీళ్ళు నిండుగా ఉంటాయి, జైపూరు దసరా చూడొచ్చు. ఊరూరి అమ్మవార్ల పేరిట లాఠీలు ఊరేగింపుగా జైపూరు తెస్తారు, ఆ డప్పులూ ఆ జనం వేరే ఎక్కడా చూడలేదు నేను. కానీ వలిసె అప్పటికి మొక్క మాత్రమే, లేదంటే అక్కడక్కడ నాలుగు పూలు. ఇంకోటి, అక్టోబరు మొదటి పక్షం వాయుగుండాల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి, గుర్తుందిగా. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే టికెట్ డబ్బులు పోయినా పర్వాలేదు, రావద్దు.

దీపావళి నుంచి కార్తీక పున్నమి దాకా: వలిసెలకు ఇదే అదను. చోడి కోతలు కూడా అప్పుడే. నన్నడిగితే ఒక్కసారే వచ్చేవాళ్ళు ఈ రోజులే పట్టుకోవాలి.

మార్గశిరం: వరి కోతలు, కళ్ళాలు, కాఫీ తోటల్లో ఎర్రపండ్లు. గురువారాలు ఒడియా ఇళ్ళ ముందు బియ్యప్పిండి నీళ్ళతో ఝోటి వేస్తారు. మన ముగ్గులా చుక్కలు పెట్టరు, పిండినీళ్ళలో వేళ్ళు ముంచి నేరుగా గీసేస్తారు, గుమ్మం నుంచి ధాన్యం ఉన్న గది దాకా లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. కొత్త వడ్లు మానికలో పోసి పూజ చేస్తారు, దానికే మాణబసా అని పేరు. పొద్దున్న ఏడింటికి వీధిలో నడిస్తే చాలు, టికెట్ లేదు, క్యూ లేదు.

పుష్య పున్నమి: పుస్ పరబ్. ఊళ్ళలో ధెంసా ఆటలు, పిల్లలు ఇంటింటికీ వెళ్ళి ధాన్యం అడగడం. అప్పటికి చేలు ఖాళీ. పండగ కోసమైతే రండి, పూల కోసం కాదు.

నువాఖాయి ఎప్పుడని కొందరు అడుగుతారు. అది భాద్రపద శుద్ధ పంచమికి, అంటే వినాయక చవితి మర్నాడు. పెద్దగా చేసేది పశ్చిమ ఒడిశాలో, సంబల్‌పూర్ వైపు. అది చూడాలంటే అటే వెళ్ళాలి.

2. పూత వచ్చిందో లేదో ఫోన్‌లోనే తేల్చుకోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. "పూశాయా?" అని అడుగుతారు, అవతలివాడు "ఆ, పూశాయి" అంటాడు, అతను చెప్పింది అబద్ధమూ కాదు, ఏదో ఒక చేను పూసే ఉంటుంది. వలిసె అందరూ ఒకేరోజు చల్లరు. ఆగస్టు నుంచి సెప్టెంబరు దాకా వానని బట్టి, భూమిని బట్టి చల్లుతారు, చల్లిన యాభై అరవై రోజులకి పూతకొస్తుంది. కొండవాలు చేనుకీ రోడ్డు పక్క చేనుకీ రెండు వారాల తేడా ఉండొచ్చు.

కాబట్టి మీరు బుక్ చేసుకునే లాడ్జి వాళ్ళనో, బండి అబ్బాయినో ఇలా అడగండి. చేను ఫొటో వద్దు, ఒక్క మొక్క ఫొటో దగ్గరగా తీసి పంపమనండి, ఈరోజుది. కొనలన్నీ ఆకుపచ్చ మొగ్గలు, ఒకటి రెండు పూలు విచ్చాయంటే ఇంకో వారం పది రోజులు ఆగండి. పూలూ మొగ్గలూ సగం సగం ఉంటే ఆ వారాంతమే బయల్దేరండి. రేకులు వాడి, పువ్వు మధ్యలో నల్ల గింజలు కనబడుతున్నాయంటే ఆ చేను అయిపోయింది, ఎత్తులో ఇంకో చేను ఉందేమో అడగండి.

వరి అయితే పరీక్ష వేరు. కంకులు వంగి ఉండాలి, పై నుంచి ముప్పాతిక వంతు గింజలు గడ్డి రంగుకి తిరగాలి. గింజ తీసి పంటి కింద పెడితే కటుక్కుమనాలి, పిండిలా నలిగితే కోతకి ఇంకా టైముంది. ఇక్కడ వాగు వెంట మెట్లు మెట్లుగా కట్టిన మళ్ళుంటాయి, ఝోలా అంటారు. నీరు నిలిచే నేల కాబట్టి మిగతా వరికంటే ఆలస్యంగా పండుతుంది. గరువుల్లో (మెట్ట చేలల్లో) కోతలు అయిపోయాయని నిరాశ పడి వెనక్కి వెళ్ళిపోకండి, ఝోలాలు చూడండి.

మా బావగారి కుటుంబం ఒక ఏడాది దసరా సెలవులకే వస్తామని పట్టుబట్టి వచ్చారు. నాలుగు రోజులూ పచ్చటి మొక్కల మధ్య నిలబడి ఫొటోలు దిగి, "మీ ఊళ్ళో గోంగూర బాగా పండుతుందే" అని వెళ్ళారు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎత్తి పొడుస్తారు.

3. రావడం

రోడ్డు మీద: విజయనగరం, సాలూరు, సుంకి ఘాట్, పొట్టంగి, సెమిలిగుడ, కొరాపుట్. అంతా 26వ నంబరు జాతీయ రహదారి. ఘాట్ పగలే ఎక్కండి, పగలే దిగండి. లారీలు ఎక్కువ, నవంబరు తర్వాత పొద్దున్నా రాత్రీ మంచు, ముందు బండి టెయిల్ లైటు కూడా కనబడదు.

అరకు మీదుగా: పాడువ, నందపూర్ దాటి సెమిలిగుడ. దారి అందంగా ఉంటుంది. నందపూర్‌లో బత్తీస సింహాసనం ఉంది, పాత రాజధాని గుర్తు, అరగంట ఆగొచ్చు.

రైల్లో: విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలెక్కి కొరాపుట్‌లో దిగండి. రాయగడ వైపు వాళ్ళకి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఇక్కడొక పెద్ద గందరగోళం. అరకు ముందు శిమిలిగుడ అని ఒక స్టేషన్ వస్తుంది, 996 మీటర్ల ఎత్తులో, ఒకప్పుడు దేశంలోనే ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని పేరు పడ్డది. అది ఆంధ్రాలో ఉంది. మా సెమిలిగుడ ఒడిశాలో ఉంది. పేరు చూసి అక్కడ దిగిపోయి "వదినా, స్టేషన్ బయట ఆటోలు లేవేంటి" అని ఫోన్ చేసినవాళ్ళు నాకు ఇద్దరు. కొరాపుట్‌లోనే దిగాలి, అక్కడి నుంచి సెమిలిగుడ సుమారు 20 కిలోమీటర్లు, బస్సులు, ఆటోలు దొరుకుతాయి.

4. బస

సెమిలిగుడ, సునాబెడ, కొరాపుట్, జైపూరు, ఎక్కడైనా లాడ్జీలు ఉన్నాయి. పూల కోసమైతే మొదటి రెండు. శని, ఆదివారాలు పూత వారంలో ముందుగా డబ్బు కట్టి రసీదు ఫోన్‌లోకి తెప్పించుకోండి. "రండి సార్, గది ఉంది" అనే మాట మీద వచ్చిన మా తమ్ముడి స్నేహితులు నలుగురు ఒక రాత్రి మా హాల్లో పడుకున్నారు, పొద్దున్న అట్లు వెయ్యడం నా వంతు. వేడినీళ్ళు ఎన్ని గంటలకి వస్తాయో కూడా అడగండి. చలిలో అది గదికంటే ముఖ్యం.

కార్తీక పున్నమి మర్నాడు మాత్రం జాగ్రత్త. ఒడియా వాళ్ళు కార్తీకమంతా, కనీసం చివరి ఐదు రోజులు నీచు ముట్టరు, ఆ మర్నాడు ఛాడఖాయి. మాంసం దుకాణాల ముందు తెల్లారకముందే వరస, హోటళ్ళలో చోటుండదు. శాకాహారులైతే ఆ రోజు ముందే ఏదో కొని దగ్గర పెట్టుకోండి. తినేవాళ్ళకి అదీ ఒక పండగే.

5. చేలో దిగే ముందు

పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం మూడున్నర తర్వాత. మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే పసుపు తెల్లబడిపోయి, వెలిసిపోయిన చీరలా వస్తుంది.

గట్టు మీదే నిలబడండి. ఈ మాట ఎంత చెప్పినా వినరు. వలిసె మొక్క పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ ఒకసారి పడితే మళ్ళీ లేవదు, మీరు ఒక రీల్ కోసం పది అడుగులు లోపలికి నడిస్తే ఆ పది అడుగుల నూనె పోయినట్టే. రైతు కనిపిస్తే అడగండి. డబ్బులు తీసుకునే రైతులు ఉన్నారు, తప్పేమీ లేదు, ఇవ్వండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే గట్టు ఉండనే ఉంది.

తేనెటీగల మీద చెయ్యి విసరకండి. వలిసెకి అవి వాలితేనే గింజ కడుతుంది, అందుకే చేల పక్కన తేనె పెట్టెలు కూడా చూస్తారు. సెంటు కొట్టుకుని వెళ్ళకండి. పెట్టెల ముందు నిలబడకండి, వాటి దారికి అడ్డం వస్తే కుడతాయి. కుడితే గోరుతో ముల్లు గీకి తీసేసి చల్లటి నీళ్ళు పెట్టండి. మొహం వాచినా, ఊపిరి పట్టేసినట్టున్నా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. తెల్ల చీర కట్టుకుని వచ్చేవాళ్ళకి ఇంకో మాట, పుప్పొడి మరక పడితే తడి చెయ్యి పెట్టకండి, ముందు పొడిగా దులపండి.

6. దేవమాలి

ఒడిశాలో ఎత్తయిన కొండ, 1,672 మీటర్లు. సూర్యోదయానికి పైన ఉండాలంటే సెమిలిగుడ నుంచి గంట పైనే పెట్టుకుని చీకట్లోనే బయల్దేరాలి. పైన గాలి నిలబడనివ్వదు. చిన్నపిల్లలుంటే తెల్లవారుజామున వద్దు, ఎనిమిదింటికి వెళ్ళినా కింద లోయల్లో మబ్బు ఇంకా తేలుతూనే ఉంటుంది. చెత్త వెనక్కి తెచ్చుకోండి, పైన ఎత్తేవాళ్ళు లేరు.

7. సంత

రోజులు గుర్తుపెట్టుకోండి: కుండులి సంత శుక్రవారం, ఒనుకుడెల్లి గురువారం, రాయగడ వైపు చటికోన బుధవారం. నా ఓటు కుండులికి. కొండల మీద పండింది ఏదైనా అక్కడికి దిగాల్సిందే: అల్లం, పసుపు, చిక్కుళ్ళు, చోళ్ళు, సామలు, కోళ్ళు, మేకలు. తొమ్మిదికల్లా చేరండి. మధ్యాహ్నం రెండు దాటితే మూటలు కట్టేస్తారు, మీకు మిగిలేది బురద.

ఒనుకుడెల్లికి బోండా గిరిజనులు, చటికోనకి డొంగ్రియా కోందు గిరిజనులు వస్తారు. వాళ్ళని చూడటానికే వెళ్ళేవాళ్ళుంటారు. నాకు అది నచ్చదు, నిజం చెప్పాలంటే. వాళ్ళు వారానికి సరిపడా ఉప్పు, నూనె కొనుక్కోవడానికి వచ్చారు, మన కోసం కాదు. కొనడానికి వెళ్ళండి. కెమెరా సంచిలో ఉంచండి. అడిగి, ఒప్పుకుంటేనే, అదీ దూరం నుంచి. మొహం తిప్పుకున్నారంటే వద్దనే అర్థం, డబ్బులిచ్చి ఒప్పించకండి.

సంతలో లండా (ఇక్కడి నాటు సారా లాంటి పులియబెట్టిన పానీయం), కల్లు కుండలు ఉంటాయి. అలవాటు లేని కడుపుకి వద్దు. ఎవరైనా ప్రేమగా ఇస్తే దండం పెట్టి "వద్దమ్మా" అనండి, తప్పు పట్టరు. చోడి అంబలి మాత్రం తాగండి, ఇక్కడ మాండియా పేజ్ అంటారు.

8. కోతలు, కళ్ళాలు చూడాలంటే

టూరిస్టు ప్యాకేజీలో ఇది ఉండదు, ఉండకూడదు కూడా. రోడ్డు పక్క కళ్ళం కనిపిస్తే బండి ఆపి, చెప్పులు అంచున వదిలి, అడిగి లోపలికి వెళ్ళండి. కళ్ళంలో చెప్పుల కాళ్ళతో తొక్కితే పెద్దవాళ్ళకి కోపం వస్తుంది. మొన్న మార్గశిరంలో మా పనమ్మాయి వాళ్ళ ఊరెళ్ళాను. పేడతో అలికిన కళ్ళం మధ్యలో గుంజ, దాని చుట్టూ రెండు జతల ఎద్దులు, వాళ్ళ తాత గడ్డి కింద చెయ్యి పెట్టి గింజలు రాలాయో లేదో తడిమి చూసుకుంటున్నాడు. కళ్ళతో చూడలేదు, వేళ్ళతోనే. నేను నిలబడ్డ గంటలో మూడుసార్లు గడ్డి తిరగేయించాడు.

కొత్త పంట తినడానికి ఇక్కడ ఊరికో కట్టు ఉంటుంది. మన పార్వతీపురం, సీతంపేట వైపు కంది కొత్తలు చేస్తారు చూడండి, కొత్త పెట్టకుండా ఆ గింజ నోట్లో వేసుకోరు, ఇక్కడా అంతే. కాబట్టి ఎవరి చేలోనైనా పచ్చి చిక్కుడో, కంకో తుంచుకుని తినేయకండి. దొంగతనం అని కాదు, వాళ్ళ దేవుడికంటే ముందు మీరు తిన్నట్టవుతుంది.

ఈ నేల గురించి ఒక్క ముక్క: కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. జైపూరు దగ్గర పాత్రపుట్ అనే ఊరి కమలా పూజారి నాటు వరి విత్తనాలు దాచినందుకే 2019లో పద్మశ్రీ అందుకుంది.

9. వనభోజనం

కార్తీకంలో వచ్చే తెలుగు కుటుంబాలకి ఇది ఉచిత సలహా. ఉసిరి చెట్టు కోసం ఊరంతా తిరగకండి, ముందురోజే ఎవరినైనా అడిగి పెట్టుకోండి. వంట అక్కడ చెయ్యొద్దు, పొయ్యి నుంచి ఎండుగడ్డికి నిప్పు అంటుకుంటే ఆర్పేవాళ్ళుండరు. పులిహోర, దద్ధ్యోజనం ఇంట్లో చేసి తెచ్చుకోండి, అడ్డాకు విస్తళ్ళు సంతలో దొరుకుతాయి.

10. కొన్న సరుకు అసలుదేనా?

కాలాజీరా బియ్యం: 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చాక అందరూ అదే పేరు చెప్పి అమ్ముతున్నారు. నల్లగా ఉండేది వడ్ల పొట్టు, జీలకర్రలా. దంచాక బియ్యం చిన్నగా, తెల్లగా ఉంటుంది. నల్లటి బియ్యం చూపించి కాలాజీరా అంటే అది వేరే రకం. గుప్పెట్లో వేసి గట్టిగా రుద్ది వాసన చూడండి, వాసన రాకపోతే ముందుకి కదలండి. ఇంటికెళ్ళాక ముద్ద అయిపోయిందని నన్ను తిట్టకండి, కొత్త బియ్యానికి ఎసరు తగ్గించాలి.

తేనె: పేరుకుందని పారేయకండి, పేరుకోవడం కల్తీకి గుర్తు కాదు. గోరువెచ్చటి నీళ్ళలో సీసా పెడితే కరుగుతుంది.

వలిసె నూనె: కొద్దిగా కొనండి. వాసన అందరికీ పడదు. మా ఆయనకి ఇరవై ఏళ్ళయినా పడలేదు.

వాన పడితే

పడుతుంది, ఒక్కోసారి. అప్పుడు చేలూ దేవమాలీ మానేసి కొరాపుట్ వెళ్ళండి. శబర శ్రీక్షేత్రం, అంటే జగన్నాథుడి గుడి, దాని దగ్గరే గిరిజన మ్యూజియం, రెండూ కలిపి పూట గడుస్తుంది. మధ్యాహ్నం తెరిపిస్తే కొలాబ్ డ్యామ్. మ్యాప్ చూపించే అడ్డదారులు వానలో పట్టకండి, ఊరివాళ్ళు వద్దన్న దారిలో ఎండలో కూడా వెళ్ళకండి. ఎలా ఉన్నా సరే, తిరుగు ప్రయాణం రోజు మధ్యాహ్నం రెండు దాటకుండా సెమిలిగుడ వదలండి. ఆ లెక్కన చీకటి పడేలోపు ఘాట్ దిగి సాలూరులో టీ తాగొచ్చు.